గోనెసంచి చెవులపిల్లి

మా ఆవిడ పోయిందన్న సంగతి నాకు బాలానగర్‌లో, లేత్ ముందు నిలబడి ఉండగా తెలిసింది. గురువారం పొద్దున తొమ్మిదిన్నర దాటింది. ఫోన్ చేసింది మా బావమరిది. "బావా, అక్క పాయ," అన్నాడు. నేను "సరే" అన్నాను. అతను ఇంకా ఏదో చెబుతుండగానే ఫోన్ జేబులో పెట్టుకున్నాను. చక్‌లో బిగించి ఉన్న ముక్కకు ఇంకొక్క కోత మిగిలి ఉంది. అది పూర్తి చేశాను. కొలత చూశాను. సరిపోయింది. ముక్కను గుడ్డతో తుడిచి ట్రేలో పెట్టి, మిషన్ ఆపి, అప్పుడు బయటికి వచ్చాను.

ఎందుకలా చేశావని ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలియదు. ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

ఆసుపత్రిలో ఆమె పక్కన నేను ఉండాల్సింది. ముందురోజు సాయంత్రం ఆమే నన్ను పంపేసింది. "నువ్విట్ల కుర్చీలో కూచోని నా మొగం చూస్తాంటే నాకు నిద్ర పట్టదప్పా. తమ్ముడుండాడు గదా. రేపు పోయి పని చేసుకో, సాయంత్రం రా." నేను చెప్పిన మాట వినే మనిషిని. వెళ్ళాను.

కోకాపేట దాటాక, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక బాణాల రేంజ్ ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్ళు జట్లుగా వచ్చి ఒక పూట విల్లు పట్టుకొని, బిర్యానీ తిని, ఫోటోలు దిగి పోతుంటారు. మీలో కూడా కొందరు వెళ్ళి ఉంటారు. అక్కడ క్రాస్‌బో నేర్పే పెద్దావిడ మీకు గుర్తుంటే, ఆమే మా ఆవిడ. తలకు టోపీ, మెడలో విజిల్, చీర మీద మగవాళ్ళ చొక్కా. అంతకుముందు ఒక స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసింది. విజిల్ అప్పటిది.

ఆమెది కడప వైపు. మాది కృష్ణా ఒడ్డు. పెళ్ళైన వారం రోజులకు ఆమె నన్ను "ఏమప్పా" అని పిలవడం విని మా అమ్మ హడలిపోయింది. "అప్పా ఏమిటమ్మా, మొగుణ్ణి పట్టుకుని? ఏమండీ అనాలి," అంది. "అట్నే అత్తా," అని, నా వైపు తిరిగి, "ఏమండప్పా, మజ్జిగ కావాల్నా?" అంది. మా అమ్మ ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు.

రేంజ్‌కు వచ్చినవాళ్ళతోనూ ఆమె అలాగే మాట్లాడేది. మొదటిసారి క్రాస్‌బో చూసిన ఒక కుర్ర మేనేజరు, "మేడం, ఇది గన్నా, విల్లా?" అని అడిగాడు.

"విల్లే నాయనా. పండబెట్టినారు, అంతే."

"మరి బుల్లెట్లు?"

"అవి నీ నోట్లో ఉండాయి. ముందు నోరు మూసి, ఊపిరి బిగబట్టు."

క్రాస్‌బోకు వేసేది పొట్టి బాణం. దాని ముందు కొనకు మరతో బిగించేదాన్ని రేంజ్‌లో అందరూ పాయింట్ అనేవారు. ఆమె ములికి అనేది. ములికి ఆమె నాన్న మాట. ఆ ములుకులు చేసేది నేను. బాలానగర్‌లో నాకొక చిన్న వర్క్‌షాప్ ఉంది. ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం కుదురుగా చేయలేక, రెండు మిషన్లు పెట్టుకున్నాను. కంపెనీ వాళ్ళు పంపే ములుకులు ఆమెకు నచ్చలేదు. ఒకనాడు నాలుగు తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. "ఇవి నాలుగూ నాలుగు బరువులు. నువ్వు చేస్తావా, బాలానగర్‌లో ఇంకెవరినన్నా చూసుకోమంటావా?" అంది.

అలా మొదలైంది. మాకు పిల్లలు లేరు. పదకొండేళ్ళపాటు మా ఇంట్లో భోజనాల దగ్గర ఎక్కువగా నడిచిన మాట ములుకుల బరువు గురించే. నగలు తూచే చిన్న త్రాసు ఒకటి కొన్నది. నేను తెచ్చినవాటిని ఒక్కొక్కటే దాని మీద పెట్టేది. ఎనిమిది గ్రాములు ఉండాలి. పావు గ్రాము తేడా వస్తే పక్కకు తోసేది.  నేను వాటిని జేబులో వేసుకొని మర్నాడు పట్టుకెళ్ళేవాణ్ణి.

రేంజ్ వెనక బండలు ఉన్నాయి. పెద్దపెద్ద గుండ్లు, మధ్యలో బోద గడ్డి. గుండ్రటి అట్టల మీద కొట్టి విసుగెత్తినవాళ్ళ కోసం ఆమె ఆ బండల మధ్య ఒక దారి వేసింది. దారి పొడవునా రాళ్ళ వెనక, పొదల కింద గోనెసంచితో కుట్టిన కుందేళ్ళు ఉంటాయి. నడుస్తూ వాటిని వెతికి పట్టి కొట్టాలి. కుందేళ్ళను ఆమే కుట్టేది. సాయంత్రాలు మా గోపన్‌పల్లి ఫ్లాట్ బాల్కనీలో కాళ్ళు చాపుకొని, ఒళ్ళో గోనె, చేతిలో దబ్బనం. లోపల పాత గుడ్డలు కుక్కేది. చెవులకు సోఫాలవాడి దగ్గర పడేసిన రెక్సిన్ ముక్కలు.

"రెండు చెవులూ సమానంగా లేవు," అన్నాను ఒకసారి.

"నీ లేత్ మీద పుట్టలేదులే ఇది."

వాటిని ఆమె చెవులపిల్లులు అనేది. వాళ్ళ వైపు కుందేలును అలా అంటారు. తెలంగాణలోనూ అంటారట. మా వైపు ఆ మాట లేదు. నేను ఆ మాట మొదట విన్నది ఆమె నోట, ఆ గోనె బొమ్మల గురించే. "రేపటికి రెండు చెవులపిల్లులు కుట్టాల." "వానకు చెవులపిల్లులు నాని బరువెక్కినాయి." "నిన్న ఎవడో చెవులపిల్లిని కారు డిక్కీలో వేసుకోని పోయినాడు." మా ఇంట్లో చెవులపిల్లి అంటే గోనెసంచి. ఈ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఏ బాణం ఎంచుకోవాలో ఆమె ప్రతి జట్టుకూ చెప్పేది. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బాణం మరీ తేలికైతే దెబ్బ విల్లుకే తగులుతుంది, అల్లెతాడు తెగుతుంది. మరీ బరువైతే సగం దారిలో తల వంచేస్తుంది. ఫైబర్ బాణం రాతికి తగిలితే పేళ్ళు లేచి చేతిలో దిగుతాయి, బండల్లోకి అల్యూమినియమే నయం. ఈకలు నారింజ రంగువో గులాబీ రంగువో ఉండాలి, ఎండుగడ్డిలో కనబడాలి. "దొరకని బాణం మంచి బాణం కాదు," అనేది. ఇంకోటి అనేది. "పోయే దూరం కాదప్పా, ఆగే చోటు చూసి బాణం ఎంచుకోండి."

చిన్న గురులకు ములికి మొద్దుగా ఉండాలి. కొన చదునుగా, అర్ధరూపాయి బిళ్ళంత. అది ఆమె వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నది. ఆయన వయసులో ఉన్నప్పుడు ఉండేలు పట్టుకొని కౌజుపిట్టలను, కుందేళ్ళను కొట్టేవాడట. వెదురు విల్లు, రెండు తాళ్ళు, వాటి మధ్య చిన్న జోలె, అందులో మట్టి ఉండ. ఉండను ఎండలో ఎండబెట్టాలి గాని కాల్చకూడదని, కాలిస్తే రాతికి తగిలి తిరిగి మనిషి మీదికే వస్తుందని ఆమెకు చెప్పాడు. చిన్న ప్రాణికి దెబ్బ చాలు, పదును వద్దన్నాడు. దెబ్బ తగిలినది అక్కడే పడిపోతుంది. పదునుది దిగితే అది బాణంతో సహా పారిపోతుంది.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయన ఎవరి దగ్గరో ఇనుప ములికి బాణం అడిగి తెచ్చుకొని, ఒక కుందేలును కొట్టాడు. అది పారిపోయింది. రెండు రోజులు వెతికాడు. పొలం పని మానేశాడు. అన్నం తీసుకెళ్ళిన ఈమె, "నాయనా, ఇంటికి రా," అంటే, "కొట్టినోడే వెతకాలమ్మా. నువ్వు పో," అన్నాడట. దొరికిందా అని నేను అడిగాను. "దొరికింది. చెప్పను," అంది. ఆ తర్వాత ఆయన వేటే మానుకున్నాడు. ఈమె రేంజ్‌లో చేరిన మొదటి రోజే, ప్రాణం ఉన్నదేదీ గురికి పనికిరాదని బోర్డు రాయించింది.

పదకొండేళ్ళు నేను మొద్దు ములుకులే చేశాను. "మొద్దు ములికి, మొద్దు మొగుడు, నాకు రెండూ కుదిరినాయి," అనేది వచ్చినవాళ్ళతో. నేను పక్కనే ఉండేవాణ్ణి.

పోయిన ఏడాది చివర్లో ఆమెకు జబ్బు బయటపడింది. దాని గురించి రాయను. రెండో విడత మందు ఎక్కించాక రేంజ్‌కు పోవడం మానేసింది. ఆ రోజుల్లోనే బాలానగర్‌కు ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో కంపెనీ కార్డు.

"నమస్తే సార్. మేడం దగ్గర నేర్చుకున్న. ములుకులు మీరే చేస్తరంట గద."

"చేస్తానండి."

"చెవులపిల్లులకు కావాలె సార్. ఆరు చాలు. గీ మొద్దువి వద్దు. తగిలి కింద పడుతున్నయ్. లోపటికి దిగాలె."

"మేడంకి చెప్పారా?"

"ఆమెకెందుకు సార్ ఫికర్? తబియత్ మంచిగ లేదంట గద."

నిజమే అనుకున్నాను. ఆమె లేక రేంజ్‌లో బొమ్మలు ఎవరూ మార్చడం లేదేమో, గోనె గట్టిపడి మొద్దు ములుకులు తుళ్ళిపోతున్నాయేమో అనుకున్నాను. ఇంటికి వెళ్ళి అడగవచ్చు. ఆ వారం ఆమెకు నీళ్ళు కూడా ఇమడడం లేదు. ములుకుల మాట ఎత్తాలనిపించలేదు.

ఆరు చేశాను. రెండు వైపులా అంచు. గట్టి ఉక్కు తీసుకొని, అంచు తీసి, వేడి చేసి నూనెలో ముంచి, మెరుగు పెట్టాను. మొద్దువైతే గంటకు నాలుగు అవుతాయి. వీటికి ఒక్కొక్కదానికి సగం రోజు పట్టింది. నిజం చెప్పాలంటే ఇష్టంగా చేశాను. చాలా ఏళ్ళ తర్వాత పదునైనది ఒకటి చేసే పని దొరికింది. నా అలవాటు ప్రకారం ములికి మొదట్లో చుట్టూ సన్నటి గాటు పెట్టాను.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం ఇడ్లీ తింటున్నాం. ఆమె సగం ఇడ్లీ తిని, ఫోన్ నా ముందుకు జరిపింది. "దీన్ని చూడప్పా."

మా గోపన్‌పల్లి వెనక బండల్లో పొద్దున్నే నడిచేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులో ఎవరో ఫోటో పెట్టారు. అక్కడి యూనివర్సిటీ గోడకు ఇవతల, బండల అంచున ఒక కుందేలు. వెనక తొడలో బాణం. ఇటు గులాబీ రంగు ఈకలు, అటు ములికి. బతికే ఉంది. కెమెరా వైపే చూస్తోంది.

ఆమె రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది. ములికి మొదట్లో గాటు కనబడింది.

"ఈ గాటు నీదే గదా?"

"నాదే."

"ఎవరికి చేసిస్తివి?"

చెప్పాను. చెవులపిల్లులకని అడిగాడన్నాను.

ఆమె నా వైపు చూసింది. నవ్వింది. "చెవులపిల్లి అంటే నీకు గోనెసంచేనా? ఇన్నేండ్లు కాపురం చేసినావు నాతో."

"మనింట్లో ఇంకేముంది మరి?"

నవ్వు ఆపేసింది. పళ్ళెం పక్కకు జరిపింది. "అవునులే. తప్పు నాదే. బొమ్మకు బతికుండేదాని పేరు పెట్టింటి."

కాదు, తప్పు నాది అని అనాల్సింది. అనలేదు. ఇప్పుడు ఇక్కడ అంటున్నాను.

అతన్ని సాయంత్రం ఇంటికి పిలిపించింది. వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. ఆమె తలకు గుడ్డ కట్టుకొని ఎదురుగా కూర్చుంది.

"యూట్యూబ్‌ల చూసిన మేడం. షార్ప్‌వే మంచిగుంటయ్ అన్నరు."

"వాళ్ళు చెప్పింది పెద్ద జంతువులకు నాయనా, వేరే దేశంలో. ఇంత చిన్నదానికి పదునుది వేస్తే అటుపక్కకు దిగుతాది. అది బాణాన్ని మోసుకోని ఉరుకుతాది. నా దగ్గర నేర్చుకుంటివి గదా, ఆగే చోటు చూడమని చెప్పలే?"

"అంటే మొద్దుదే వెయ్యాల్సుండె."

"ఏదీ వెయ్యకూడదురా!" ఆమె గొంతు పెంచడం ఆ నెలలో అదొక్కసారే. "చెవులపిల్లిని కొడితే జైల్లో వేస్తారు ఈ దేశంలో. ఎన్ని వేసినావు?"

"ఒక్కటే మేడం. అది ఎగిరి పోయింది. నాకు పరేషాన్ అయ్యింది."

"వెతికినావా?"

"పొద్దుగూకింది మేడం."

"మళ్ళా పొద్దు పొడిచింది గదా."

 అతను సంచిలోంచి మిగిలిన అయిదు బాణాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె వాటిని నా వైపు తోసింది. మర్నాడు అతనే వెళ్ళి అటవీశాఖ వాళ్ళకు చెప్పుకున్నాడు. ఆమె వెళ్ళమంది. వాళ్ళు అతని క్రాస్‌బో తీసుకున్నారు, కాగితాలు రాసుకున్నారు, ఒక పూట బండల మధ్య తిరిగారు. కుందేలు దొరకలేదు.

తర్వాత మేము వెతకడం మొదలుపెట్టాం.

నేను వద్దన్నాను. ఆమెకు మెట్లు దిగితేనే ఆయాసం. "అది నీ ములికి, నా పేరు. వాడు నా దగ్గర నేర్చుకున్నోడు. ఇంకెవరు వెతకాల?" అంది. పొద్దున ఆరింటికి వెళ్ళేవాళ్ళం. నేను నీళ్ళ సీసా, పాత దుప్పటి, ఒక బుట్ట పట్టుకొనేవాణ్ణి. కనబడితే దుప్పటి కప్పి పట్టుకొని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. బాణం తీయగలిగితే ఆయన తీస్తాడు, తీయలేకపోతే ఆయనే సూది వేస్తాడు. "ఇంక నా బాణం వద్దు, నీ బాణం వద్దు," అంది.

ఆమె నడిచే తీరు వేరు. నాలుగడుగులు వేసి ఆగేది. కింద చూసేది, దూరం చూసేది. గడ్డి పరకలు కొరికిన చోటు చూపించేది. "పండ్లతో ఏటవాలుగా కోసింది చూడు. కత్తెర పెట్టినట్టు. ఇది మేక పని కాదు." పెంటికలు ఏరి అరచేతిలో నలిపేది. "ఇవి మూడు దినాలవి." "ఇవి నిన్నటివి." నాకు అన్నీ ఒకేలా కనిపించేవి. అలా అన్నాను. "నాకు నీ పావు గ్రాము కనబడేది గదా. నీకిది కనబడదు," అంది.

కుందేలు పడుకునే చోటు కూడా ఆమే చూపించింది. అది బొరియ తవ్వదు. బోద గడ్డిలో ఒళ్ళు ఆనించి ఒక చిన్న పల్లం చేసుకుంటుంది. అలాంటివి మూడు చూశాం. ఖాళీవి. ఒకదాంట్లో ఎండిన రక్తం చుక్క ఉంది. ఆమె ఆ పక్కనే బండ మీద చాలాసేపు కూర్చుంది. ఎదురుగా కోకాపేట టవర్లు, వాటి మీద క్రేన్లు. "బతికుంది. పడుకోని లేసింది," అంది.

అతను కూడా రెండు ఆదివారాలు వచ్చాడు. మూడో ఆదివారం ఫోన్ చేశాడు. "సార్, ఆఫీస్‌ల రిలీజ్ ఉంది, రాలేకపోతున్న. మేడంకు జర చెప్పుండ్రి." చెప్పాను. "రిలీజ్ అయినాక రమ్మను," అంది.

నాలుగో వారం ఆమె బండల దాకా రాలేకపోయింది. మా ఫ్లాట్ల గేటు దగ్గర అరుగు మీద కూర్చొని నన్ను పంపేది. ఆ తర్వాత ఆసుపత్రిలో చేర్చాం. నేను పొద్దున బండల్లో తిరిగి, కనబడినవాటికల్లా ఫోటోలు తీసి, ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. ఆమె కళ్ళజోడు పెట్టుకొని చూసేది. ఒకరోజు సెలైన్ మార్చడానికి వచ్చిన నర్సమ్మ తొంగి చూసింది.

"ఏందమ్మా గవి? ఏం గోలీలు? కొత్తగ రాసిండా సారు?"

"చెవులపిల్లి పెంటికలు తల్లీ. పొద్దున రెండు, సాయంత్రం రెండు."

"ఛీ! గిట్ల మాట్లాడతరా అమ్మా!" అని ఆమె నవ్వుతూ మూతికి చేయి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ ఆ నవ్వుకు ఆయాసపడింది. నేను మంచం తల వైపు ఎత్తు పెంచాను.

ఆ ములుకుల గురించి నాతో మళ్ళీ మాట్లాడలేదు. నేను క్షమించమని అడగలేదు. మేం అలాంటి మాటలు అనుకునేవాళ్ళం కాదు. ఒకసారి మాత్రం నా చెయ్యి పట్టుకొని, ఉక్కు అంచు తగిలి తెగిన మచ్చను బొటనవేలితో తడిమింది. "నువ్వు మొద్దువే చెయ్యప్పా. నీ చేతికి అవే నప్పుతాయి," అంది.

బుధవారం సాయంత్రం అడిగింది. "పొద్దున పోతివా?"

"పోయాను."

"ఏమన్నా?"

"ఏం లేదు."

"రేపు పనికి పోయే ముందర ఒకసారి చూసి పో."

"సరే."

గురువారం పొద్దున నేను బండల వైపు పోలేదు. రేంజ్‌వాళ్ళు అడిగిన ములుకులు మిగిలి ఉన్నాయి. సాయంత్రం తొందరగా ఆసుపత్రికి వెళ్ళవచ్చని ఎనిమిదింటికే బాలానగర్‌లో ఉన్నాను. పోయావా అని అడిగితే పోయానని అబద్ధం చెప్పాలా, పోలేదని చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడే ఫోన్ వచ్చింది.

తర్వాతి రోజులు జరిగాయి. మా బావమరిది అన్నీ చూసుకున్నాడు. చెప్పిన చోట కూర్చున్నాను, పెట్టింది తిన్నాను. రేంజ్ నుంచి పాతికమంది వచ్చారు. ఒకమ్మాయి నా చేతులు పట్టుకొని ఏడ్చింది. నాకు ఆ అమ్మాయి పేరు తెలియదు. ములుకులు అడిగిన అతను కూడా వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళితే, "దొరికిందా సార్?" అన్నాడు. దొరకలేదన్నాను. "రేపటి సంది నేనొస్త సార్," అన్నాడు. కొన్నాళ్ళు నేను ఒక్కణ్ణే తిరుగుతానని చెప్పాను.

పదకొండో రోజు దాటాక మళ్ళీ మొదలుపెట్టాను. ఆమె అంత నిదానంగా నడవడం నాకు రాదు. నాలుగడుగులు వేసి ఆగాలని గుర్తుపెట్టుకొని ఆగుతాను. కింద చూస్తాను, దూరం చూస్తాను. పెంటికలు కనబడతాయి. ఎప్పటివో తెలియదు. అడగడానికి మనిషి లేదు. ఇంటికి వచ్చి స్నానం చేసి బాలానగర్ వెళతాను.

మొన్న మంగళవారం, గోడకు ఇవతల రెండు గుండ్లు ఒరిగి ఉన్న చోట, నా కాలికి మూడు గజాల దూరంలో గడ్డి కదిలింది. ఒక కుందేలు లేచి కూర్చుంది. ఎండ దాని వెనక నుంచి వస్తోంది. చెవులు రెండూ నిలబడ్డాయి. వాటి గుండా వెలుతురు ఎర్రగా దిగింది. లోపల నరాలు సన్నగా, చెట్టు కొమ్మల్లా కనిపించాయి. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఒక చెవి అంచున చిన్న చీలిక ఉంది. అవి ఒకటి ముందుకు, ఒకటి పక్కకు తిరిగాయి. దుప్పటి నా భుజం మీదే ఉంది.

అది ఎగిరి, బండ దాటి, కట్టడాల వాళ్ళు కట్టిన నీలం రేకుల కింద దూరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. నేను వెనక కాలు చూడలేదు. బాణం ఉందో, ఊడిపోయిందో, మచ్చ ఉందో, అసలు ఇది అదో ఇంకోటో చూడాల్సింది అక్కడ. నేను చెవులే చూస్తూ నిలబడ్డాను.

అది కూర్చున్న చోటికి వెళ్ళి వంగాను. గడ్డిలో దాని ఒంటి కొలతకు పల్లం. ఒక్కో పరకా తొలగించి చూశాను. రక్తం లేదు. పల్లంలో అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

వాచీ చూసుకోలేదు. ఆ వెచ్చదనం తగ్గుతూ తగ్గుతూ మామూలు నేల అయ్యేదాకా చెయ్యి అక్కడే ఉంచాను.